పూర్తిగా మూతపడని కన్ను

మైసూరు మహారాజుల కాలం. నాకప్పుడు పంతొమ్మిదేండ్లు. పుట్టినప్పటినుంచీ నా పైరెప్పలు రెండూ వాలిపోయి కళ్ళను సగానికి పైగా కప్పేసేవి. గడ్డం పైకెత్తితేనే ఎదుటి మనిషి కనబడేది.

ఆపరేషన్ చేయించడానికి నాయన నన్ను మా ఊరు మంగళవాడ నుంచి బెంగళూరికి తీసుకుపోతున్నాడు. కళ్ళు కోసేస్తారని నా భయం. మధుగిరి ఇంకా రాకముందే ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. నాయన నీళ్ళకోసం దిగగానే పారిపోదామని లేచాను.

పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"యాడికమ్మా? రెప్పలకేనా పోతాండేది? నాకూ చేసినారు."

"కండ్లు పోతాయా?" అన్నాను.

"కంటిగుడ్డును ముట్టరు. రెప్పను కోసి, దాన్ని లేపే కండను బిగించి కుట్టేస్తారు. కొన్నాళ్ళు మంటగా ఉంటాది. మళ్ళా కొంచెం జారినా జారొచ్చు. ఇంకోటి ఉండాది, చూడు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఒక కన్ను పూర్తిగా మూతపడలేదు. సన్నటి తెల్లగీత అలాగే మిగిలింది.

"నిద్రలోనూ ఇంతే. కన్ను ఎండిపోకుండా చూసుకోవల్ల. అయినా చేయించుకున్నందుకు నాకు బాధ లేదు."

అంతవరకూ అందరూ నాకు ఏమీ కాదనే చెప్పారు. ఏమవుతుందో చూపించింది ఆమె ఒక్కతే. నేను మళ్ళీ కూర్చున్నాను. ఆమె మధుగిరిలో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఆపరేషన్ అయి, ఆసుపత్రిలో కట్లు విప్పిన మరునాటి మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే, నాయన కంగారుగా తట్టి లేపాడు.

"నీ కండ్లు మూతపడలేదు పాపా!"

"నాకు తెలుసు నాయనా, భయపడొద్దు" అన్నాను.