ఎడమచేతి ముడి వెంట జైనూర్ దాకా

మన సుల్తానాబాద్ చౌరస్తాలో నిలబెట్టిన అమరుల రాయి మీద అబద్ధం చెక్కించినవాడు నారాయణరావు దొర. ఈ మాట మన పఠనమందిరం గోడపత్రికలో రాస్తున్నందుకు కోపం వస్తే నా మీద రావాలి, మందిరం మీద కాదు. రజాకార్ల కాలంలో దొర సొంత అన్న సరిహద్దు అవతలి చాందా పోయి, చుట్టాల ఇంట్లో ఉండి, కామెర్లతో పోయాడు. ఇది ఊరందరికీ తెలుసు. ఆయన పేరు రాయి మీద మొదటి వరసలో ఉంది. అదే కాలంలో మగ్గం దిగి దళంతో అడవికి పోయిన మా చిన్నబాపు కిష్టయ్య పేరు ఏ వరసలోనూ లేదు. అడగబోతే దొర అరుగు మీది నుంచి లేవకుండానే అన్నాడు: "సాక్షిని తే పిలగా. తూటా తాకి సచ్చిండని ఒక్కడు చెప్పినా చెక్కిస్త. యాడనో ఇంకో పెండ్లి చేస్కొని బతుకుతుండేమో, మనకేం ఎరుక?"

ఆ మాట నేను మోయగలను. మా చిన్నమ్మ లచ్చవ్వ మోయాలి గదా. చిన్నబాపు పోయి పదేళ్లు దాటింది. నిజాం పోయాడు, సంస్థానం పోయింది, ఇప్పుడు మనది ఆంధ్రప్రదేశ్. ఆమె సంగతి మాత్రం ఇంకా తేలలేదు. బొట్టు పెట్టుకుంటే ఒక వాడకట్టు గుసగుస, పెట్టుకోకుంటే ఇంకో వాడకట్టు గుసగుస. పంతులును అడిగితే పన్నెండేళ్లు నిండాక దర్భబొమ్మకు కర్మ చేయొచ్చన్నాడు. మా పార్టీ అన్నను అడిగితే వీరులకు చావు లేదన్నాడు. ఇద్దరూ పుస్తకం చూసే చెప్పారు. పేరంటానికి పిలవాలా వద్దా అని గడప దగ్గర ఆగిపోయే ఆడవాళ్ల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా వాడకట్టు మనిషి పండుగకు వచ్చి ఒక మాట చెప్పాడు. జైనూర్ అంగడిలో ఒక గోండు ముసలామె సారపలుకులు అమ్ముతుందట. ఆమె వలసంచికి వేసిన ముడులు మన సాలెవాళ్లు తెగిన పోగును అతికే ముడులట. "గానీ ఉల్టా తిరిగినయిరా" అన్నాడు. చిన్నమ్మ చేతిలో నూలు కండె ఆగిపోయింది. చిన్నబాపుది ఎడమచేతి వాటం. ఆయన ముడి వాడలో ఇంకెవరికీ రాదు.

"పోయిరా బిడ్డా," అంది చిన్నమ్మ. "రాయి గీయి నాకొద్దు. ఉన్నడా లేడా, గదొక్కటి తెల్సుకరా."

నాకు మాత్రం రాయే కావాలి. తూటా సాక్ష్యం తెచ్చి దొర ముఖాన కొట్టాలని బయలుదేరాను.

మీ ఇళ్లలోనూ అటు పోయి తిరిగిరాని వాళ్లు ఉంటారు కాబట్టి దారి వివరంగా రాస్తున్నాను. తెల్లవారి మొదటి బస్సుకు పెద్దపల్లి పోవాలి. అక్కడ ప్యాసింజరు ఎక్కితే గోదావరి వంతెన దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా మధ్యాహ్నానికి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్‌లో దింపుతుంది. మూడో తరగతి టికెట్టు మనబోటి వాళ్లకు అందేదే. రైల్లో ఒక కాలేజీ పంతులు ఎదురుగా కూర్చున్నాడు. అడవి మనుషులకు కాలమంటే తెలియదనీ, నిన్న లేదు రేపు లేదనీ, అదే అసలైన సుఖమనీ మంచిర్యాల దాకా చెప్పాడు. ఈ మధ్య పట్నంలో ఇదొక కొత్త మోజు. నిరుడు వాళ్లను ఉద్ధరించాలన్నవాళ్లే ఈ ఏడు వాళ్లలా బతకాలంటున్నారు. ఎన్నిసార్లు అటు పోయారని అడిగాను. ఇదే మొదటిసారట. పోట్లాటకు నోరు తెరిచాను గానీ, నాకూ అదే మొదటిసారి. మూసుకున్నాను.

స్టేషన్ నుంచి ఆసిఫాబాద్ ఊళ్లోకి బస్సుంది. అక్కడినుంచి కెరమెరి ఘాటు మీదుగా జైనూర్‌కు వానాకాలం వెళ్లిన కొత్తలో బస్సును నమ్ముకోవద్దు. వెదురు కోసం ఖాళీగా పోయే లారీలు ఉంటాయి. ఖాజామియా అనే డ్రైవర్ ఎనిమిదణాలకు ముందర కూర్చోబెట్టుకున్నాడు. ఘాటు ఎక్కేముందు లారీ ఆపి, దర్గాకు ఒక దండం, పక్కనే ఉన్న పోశమ్మ రాయికి ఒక దండం పెట్టాడు.

"ఇద్దర్ల ఎవరు కాపాడుతరు భయ్యా?" అని ఎగతాళిగా అడిగాను.

"బిరేకు కాపాడుతది. గిదైతే బిరేకు పడకపోతే ఉండనీ అని."

నవ్వొచ్చింది. దేవుడి మీద నేను చదివిన కరపత్రాలన్నీ ఆయనకు అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, "జర కాల్లు దగ్గరికి తీస్కో, గేరు తాకుతది," అన్నాడు. పొద్దు గుంకకముందే క్షేమంగా దింపాడు. ఆ రాత్రి అంగడి పక్కన చాయ్ హోటల్ బల్ల మీద పడుకోనిచ్చారు. దానికి ఏమీ తీసుకోలేదు.

మర్నాడు అంగడి. సారపలుకుల ముసలామె పేరు రాజుబాయి అని హోటల్‌లో చెప్పారు; ఆమెను వెతకనక్కరలేకపోయింది. దూరం నుంచే ఆమె పక్కన పెట్టుకున్న వలసంచి కనిపించింది. ముడి పట్టి చూశాను. ఎడమకు తిరిగి ఉంది. అడగకుండా సంచి ముట్టుకున్నందుకు ఆమె నా చేతి మీద ఒక్కటేసింది.

"కొనేటోనివి పలుకులు కొను. సంచెందుకు పిసుకుతున్నవ్?"

"గీ ముడి ఎవరు నేర్పిండ్రు అవ్వా?"

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. "ముక్కు గట్లనే ఉన్నది," అంది. అంగడికి వస్తూ పోతూ తెలుగూ మరాఠీ రెండూ నేర్చినామె. పలుకులన్నీ పక్కామెకు అప్పగించి నన్ను వెంటబెట్టుకుని నడిచింది. ఊరు ఒక గుట్ట అవతల.

దారిలోనే అసలు సంగతి అడిగేశాను. తూటా ఎక్కడ తాకింది? కాల్చింది ఎవరు?

"తూటా యాడిది బిడ్డా. జరం. వానకాలమల్ల చలిజరం. దళపోల్లు నడ్వరానోన్ని మా ఇంట్ల పెట్టి పోయిండ్రు. జర తగ్గినప్పుడు వలలు అల్లిండు, నాకు నేర్పిండు. మల్ల పట్టుకున్నది. పోయిండు."

దొర అన్నకు కామెర్లు, మా చిన్నబాపుకు చలిజ్వరం. ఇన్నాళ్లూ చౌరస్తాలో నేను అరిచిన మాటే తిరిగొచ్చి నా ముందు కూర్చుంది. మా పార్టీ అన్నలు, చూసినవాడు ఒక్కడూ లేకుండానే, సభల్లో అంతకంటే పెద్ద అబద్ధం చెప్పారు, ముగ్గురు రజాకార్లను కొట్టి పడ్డాడని. ఆ గూడెంలో పిల్లలకు చెప్పే కథలో ఆయనను చూస్తే పులి పక్కకు తప్పుకునేదట. రాయి అబద్ధమాడుతుంది, కరపత్రం అబద్ధమాడుతుంది, ముచ్చట కూడా అబద్ధమాడుతుంది. పులి గురించి అడిగితే రాజుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పులి యాడ? మా కుక్కకు బయపడెటోడు."

నేను పోయిన రోజులు వాళ్లు కొత్త ధాన్యం తినే రోజులు. కొత్త పంట మొదటి బువ్వ చచ్చిపోయిన పెద్దలకు పెట్టాకే ఇంట్లోవాళ్లు తింటారు. ఒక్కొక్కరికి ఒక్కో టేకాకు. ఇంటి వరసలో లేనివాడికి ఆకు వేయకూడదట. అందుకని ఆయన పోయిన రోజే రాజుబాయి పెనిమిటి నలుగురినీ పిలిచి ఆయనను తమ్ముడిగా కలుపుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఏడూ ఆయనకొక ఆకు.

"చచ్చినోల్లు తింటరా అవ్వా?" అలవాటైన ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది.

"తినరు. కోడి తింటది. మీ సుల్తానాబాద్‌ల తింటరా?"

సామబువ్వ ముద్ద నా చేతిలో పెట్టింది. శ్రాద్ధాల మీద ఇదే గోడపత్రికలో రెండుసార్లు రాసినవాడిని. ఆకు మీద పెట్టాను. నమ్మి పెట్టలేదు. పెట్టకుండా ఉండలేకపోయాను. ముసలామె ఆకుల ముందు ఒక్కో పేరు పిలుస్తూ వచ్చింది. మా చిన్నబాపు ఆకు దగ్గర కిష్టయ్య అనలేదు. "లచ్చవ్వ పెనిమిటీ, తిను," అంది.

దళంలో ఉన్నవాడు అసలు పేరు చెప్పకూడదు గదా, ఆయన చెప్పలేదు. జ్వరం తలకెక్కినప్పుడు మాత్రం పిలిచిన పేరు ఒక్కటే. ఆ పేరుతోనే వాళ్లు ఇన్నేళ్లు ఆయనను గుర్తుపెట్టుకున్నారు.

తిరుగుదారిలోనూ ఖాజామియా లారీయే దొరికింది. అంతా విని, "తూటా అనే చెప్పు భయ్యా. ఎవడు చూసిండు? రాయిమీద పేరు పడ్తది, ఫికర్ ఖతం," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. రైలెక్కేదాకా నేనూ అదే అనుకున్నాను. గోదావరి దాటేటప్పటికి అనుకోలేకపోయాను. తూటా అని చెప్పినరోజు, ఆయనకు గంజి తాగించిన ఆ ఇంటిని నేనే రాయి మీదినుంచి చెరిపేసినట్టు.

చిన్నమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడ్వలేదు. ఒక్కటే అడిగింది.

"నా పేరు పట్టి పిల్చిండా?"

"పిల్చిండట చిన్నమ్మా. అదొక్కటే పిల్చిండట."

"ఇంట్ల ఉన్నన్ని దినాలు ఒక్కనాడు పిల్వలే. 'ఇగో' అనెటోడు, 'ఓయ్' అనెటోడు." పక్కకు తిరిగి కండె తీసుకుంది. నూలు చుడుతూ, "జరమనే చెప్పు. ఇంకోటి చెప్పకు," అంది.

అడవి మనుషులకు నిన్న లేదన్న పంతులు మాట నిజం కాదు, అక్కడంతా సత్యమే ఉందన్నా నిజం కాదు. వాళ్ల ఆకు దగ్గర కోడి ఉంది, ముచ్చటలో పులి ఉంది. కానీ జ్వరంతో వచ్చి చేరిన పరాయివాడిని చచ్చాక కూడా ఒంటరిగా ఉంచని ఇల్లు ఒకటి ఆ గుట్ట అవతల ఉంది. నేను చదివిన ఏ కరపత్రమూ నాకు ఇంత ఇవ్వలేదు. రాజుబాయికీ, బల్ల మీద చోటిచ్చిన హోటల్ వాళ్లకూ, రెండు దండాల ఖాజామియాకూ మా ఇల్లు రుణపడి ఉంది. అటు పోయేవాళ్లకు ఒక్క మాట: వానలు వెనకబట్టాక పొండి, మలేరియా గోలీలు తప్పక పెట్టుకోండి, అవి మీకొక్కరికే కాకుండా అక్కడి వాళ్లకూ సరిపోయేటన్ని.

ఇక ఆ రాయి సంగతి. అందులో ఉన్నవాళ్లను తీసేయమని నేను అడగను. ఎవరు ఎట్లా పోయారో అట్లా చెక్కమంటాను. కామెర్లయితే కామెర్లు, జ్వరమైతే జ్వరం. వచ్చే శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు చిన్నమ్మ ఆ రాయి ముందు ఒక టేకాకు వేసి, కొత్త బువ్వ పెట్టి, పెనిమిటిని ఆయన పేరుతోనే పిలుస్తుంది. బొట్టు సంగతి, గాజుల సంగతి ఆమెదే; సలహా చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉండొచ్చు. దొరగారికి కూడా కబురు పెట్టాను, ఆయన అన్నకూ ఒక ఆకు వేస్తామని. మిగతావాళ్లందరూ ఎనిమిదికల్లా చౌరస్తాకు రండి.