షరీఫాబీ, సముద్రపు ఇంజను

పామిడిలో ఇంజన్ల షరీఫాబీ ఎవరని అడిగితే ఇప్పుడు చాలామందికి తెలీదు. పాతికేళ్ళ కిందట తెలియనివాళ్ళు లేరు. అంతకుముందు, ఆమె చిన్నతనంలో, చుట్టుపక్కల ఏ ఊళ్ళో బావి మీది ఆయిల్ ఇంజను మొరాయించినా వాళ్ళ నాయన పీరాసాబ్‌కు కబురు పోయేది. ఆయన సైకిలెక్కేవాడు. వెనక క్యారియర్ మీద కూతురు షరీఫా, ఆమె ఒళ్ళో పానాల మూట.

ఆడపిల్లను ఊళ్ళెంబడి ఎందుకు తిప్పుతాండావని అడిగినవాళ్ళకు పీరాసాబ్ జవాబు చెప్పేవాడు కాదు. ఆయనకు ఆ మాట వినపడితే కదా. నలభై ఏళ్ళు నిండకముందే ఇంజన్ల మోత ఆయన చెవులను తినేసింది. చెవుడొచ్చిన మెకానిక్కుకు పనెవరిస్తారు? అందుకే కూతురిని చెవిగా పెట్టుకున్నాడు. షరీఫా ఇనుపకడ్డీ ఒక కొసను నడిచే ఇంజను మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వినేది. లోపల ఏది కొట్టుకుంటాందో, ఏది రాసుకుంటాందో వేలితో నాయనకు చూపించేది. పదహారేళ్ళు వచ్చేసరికి చూపించడం మానేసి తనే పానా పట్టింది.

తర్వాత బావులు ఎండినాయి. బోర్లు వచ్చినాయి, వెయ్యి అడుగులు దిగినాయి, అవీ ఎండినాయి. ఇంజన్లు పాత ఇనుము అంగళ్ళకు పోయినాయి. ఈ కరువు మీద ఎన్ని కమిటీలు వచ్చినాయో, ఎన్ని రిపోర్టులు రాసినారో చెప్పలేం. ఎండిన ఎకరాలు రాసుకున్నారు, చచ్చిన పశువులను రాసుకున్నారు. ఆ బావుల మీద బతికిన మెకానిక్కులు ఏమైనారని ఏ రిపోర్టులోనూ ఒక్క వరుస లేదు. షరీఫాబీ మాత్రం తన రిపేరు షెడ్డు మూయలేదు. మోటర్లకు తీగ చుట్టింది, శెనక్కాయలు వొలిచే మిషన్లు బాగుచేసింది, అట్లనే అరవైకి దగ్గర పడింది.

పోయిన సంక్రాంతి దాటినాక ఒకనాడు ఆమె షెడ్డు ముందర సువార్త ఆటో దిగింది. సువార్తది మిట్టకొట్టాల, అక్కడి చేపల సంఘానికి అధ్యక్షురాలు.

"అక్కా, సముద్రంలో తిరిగిన ఇంజనొకటి ఉండాది. చూస్తావా?"

"సముద్రమా? మనకు తాగే నీళ్ళకే ట్యాంకరు రావల్ల. సముద్రం యాడనుంచి తెచ్చినావే?"

"సముద్రం తేలేదులే, పడవ తెచ్చినాం. రా, కూచో, చెప్తా."

సంగతి ఇది. మిట్టకొట్టాల పక్కన డ్యాము కట్టినప్పుడు మునిగింది సువార్తవాళ్ళ భూములు. డ్యాములో నీళ్ళు నిలిచినాక చేపలు పట్టుకునే హక్కును వేలం పాడి తీసుకుంది ఎక్కడి నుంచో వచ్చిన కాంట్రాక్టరు. భూములు మునిగినవాళ్ళు ఆయన దగ్గర కూలికి వలలు లాగినారు. ఇందులో అన్యాయం ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఈసారి హక్కు సంఘానికే ఇస్తామన్నారు. ఒక షరతు పెట్టినారు. గాలుల కాలంలో పుట్టి బోల్తాపడి మనుషులు పోతున్నారు కాబట్టి, సంఘానికి సొంతంగా ఇంజను పడవ ఉండాలి, అది ఆఫీసరు ముందు గంటసేపు ఆగకుండా నడవాలి. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదు లోపల. లేకుంటే మళ్ళీ కాంట్రాక్టరే.

కొత్త పడవ కొనే శక్తి లేదు. సంఘంలోని ఓబులేషు ఏడేళ్ళు నెల్లూరు పక్క మరపడవల మీద కూలికి పోయి వచ్చినవాడు. ఒడ్డున పారేసిన ముప్పై అడుగుల పాత మరపడవను అతనే చూసిపెట్టినాడు. తాడిపత్రి బండలు రేవులో దించి ఖాళీగా వచ్చే లారీ మీద దాన్ని కట్టి తెచ్చినారు.

షరీఫాబీ పోయి చూసింది. చెక్కలు పర్వాలేదు. ఇంజను రెండు సిలిండర్లది, చేత్తో హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేది. ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. అయినా ఆమె దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, చీర కొంగుతో ఒక మూల తుడిచి చూసింది.

తనిఖీ ఆఫీసరు జయచంద్ర ఆ రోజు అక్కడే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన చేతిలో ఒక స్కీము కాగితం ఉంది, అంతే.

"దీన్ని పీకి పారేయండమ్మా. స్కీములో కొత్త ఇంజను వస్తాది, సగం ధర మీరు కడితే చాలు."

"చెడిపోతే ఎవరు చూస్తారు సార్?" అని అడిగింది షరీఫాబీ.

"కంపెనీవాళ్ళు. బెంగళూరులో సెంటరు ఉండాది."

"బెంగళూరు నుంచి వాడొచ్చేదాకా చేపలు కాచుకోని ఉంటాయా? నేను ఇప్పదీయలేని ఇంజను మాకెందుకు సార్. ఇది తుప్పు పట్టింది గానీ దీనికి తాళం లేదు."

తొమ్మిది రోజులు డీజిలు, కిరసనాయిలు పోసి నానబెట్టింది. పదోరోజు కొయ్య దిమ్మె పెట్టి కొడితే పిస్టన్లు కదిలినాయి. సగం సామాన్లు తాడిపత్రి పాత ఇనుము అంగళ్ళలో ఏరుకొచ్చింది, రాగిరేకు కత్తిరించి వాషర్లు చేసుకుంది. అవతల ఓబులేషు పలకల సందుల్లో పత్తి దూర్చి గుగ్గిలం పోస్తున్నాడు. పడవ అడుగున ఒక గొట్టం, పక్కన ఇంకో గొట్టం చూసి షరీఫాబీ ఆగింది.

"ఇవి ఎందుకప్పా?"

"కిందదాంట్లో నీళ్ళు పీల్చుకుంటాది, ఇంజను చుట్టూ తిప్పి చల్లబెట్టుకుంటాది, పక్కదాంట్లో బయటికి వదుల్తాది."

"ఎంతసేపు?"

"ఇంజను నడిచినంతసేపు."

"పొద్దంతా నీళ్ళు పారబోస్తాదా?"

"పడవ ఉండేదే నీళ్ళల్లో కదక్కా."

షరీఫాబీ ఎరిగిన ఇంజన్లన్నీ డ్రమ్ము పక్కన పెట్టుకుని బతికినవే. అవే నీళ్ళు తిరిగి తిరిగి వచ్చేవి. సాయంత్రం ఆ వేడినీళ్ళతోనే రైతు కాళ్ళు కడుక్కునేవాడు. చుక్క పోయేది కాదు. ఓబులేషు రెండు రోజులు ఊళ్ళో లేని సమయం చూసి, ఆమె కింది గొట్టానికి ఉన్న తిరుగుడు మూత బిగించేసి, పడవలో రెండువందల లీటర్ల డ్రమ్ము నిలబెట్టి, ఇంజను గొట్టాలు రెండూ దానికి కలిపేసింది.

తిరిగొచ్చిన ఓబులేషు డ్రమ్మును చూసి గట్టు మీద కూలబడి నవ్వినాడు.

"నీళ్ళ మీద పోయే పడవకు నీళ్ళు మోసుకపోతాండావా అక్కా?"

"నవ్వుకో నాయనా. ట్యాంకరు వెనకాల బిందె పట్టుకోని పరిగెత్తింటే నీకూ తెల్సుండు."

"అది చాలదక్కా. ఇంజను పెద్దది."

"నలభై ఏండ్లు చేసిన పని ఇది. నువ్వు చుక్కాని చూసుకోపో."

మార్చి ముప్పై ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఓబులేషు, సువార్త ఇద్దరూ కలిసి తిప్పితే మూడోసారికి ఇంజను అందుకుంది. గట్టు మీద ఆడవాళ్ళు ఈలలు వేసినారు. డ్రమ్ము బరువుకు పడవ ఎడమకు వంగింది.

"నువ్వు ఇట్ల కుడిపక్కకు రా సార్, సరిపోతాది" అన్నాడు ఓబులేషు. జయచంద్ర గడియారం చూసుకుంటూ జరిగినాడు.

పావుగంటకు డ్రమ్ములో నీళ్ళు పొగలు కక్కినాయి. ఇరవై నిమిషాలకు ఉడుకుతున్నాయి. షరీఫాబీ కడ్డీ తీసి ఇంజనుకు ఆనించింది. లోపల పిస్టను ఊపిరాడనట్టు బిగుసుకుంటోంది. ఇంకో ఐదు నిమిషాలు నడిపితే సిలిండరు గీరుకుపోయి ఇంజను పనికిరాకుండా పోతుంది. ఆపితే పరీక్ష పోతుంది. సువార్త ఆమె మొగం వైపే చూస్తోంది. షరీఫాబీ చెయ్యి చాచి డీజిలు ఆపేసింది.

డ్యాము నడిమధ్యలో పడవ నిలిచిపోయింది.

"ఇరవై రెండు నిమిషాలు" అన్నాడు జయచంద్ర.

"తప్పు నాది సార్. ఇంజను మంచిదే. వీడు ముందే చెప్పినాడు, నేనే ఇనలేదు." ఆ మాట చెప్పడానికి ఆమెకు మొగమాటం కలగలేదు. "ఇంకోసారి నడిపిస్తా. ఐదుకు టైముంది."

"ఐదు దాటితే ఫోన్లో రిపోర్టు ఎక్కించే పేజీ మూసుకుంటాదమ్మా. నా చేతిలో లేదు."

ఓబులేషు అప్పటికే కింది గొట్టం మూత మీద చెయ్యి వేసినాడు. షరీఫాబీ ఆ చేతి మీద ఒకటి వేసింది.

"కాలే ఇనుము మీద చల్లనీళ్ళు పోస్తే నిలువునా పగుల్తాది. చల్లారనీ."

"ఎంతసేపు?"

"అది చెప్పేదాకా."

చల్లారేదాకా ఎదురుచూడటం కంటే కష్టమైన పని ఆ మధ్యాహ్నం లేదు. వాళ్ళు నలుగురూ నీడ లేని పడవలో కూర్చున్నారు. ఆమె ఊరికే ఉండలేదు. డ్రమ్ము నుంచి గొట్టాలు ఊడదీసి కిందిదానికి ఒకటి, పక్కదానికి ఒకటి కలిపి బిగించింది. డ్రమ్ము నీళ్ళు చెంబుతో తోడి డ్యాములోకి వంచేసినారు, పడవ వంగుడు పోయి సమంగా నిలిచింది. పది నిమిషాలకోసారి అరచెయ్యి ఇంజను మీద పెట్టి తీసేసేది. మూడూ నలభైకి ఆ చెయ్యి ఇంజను మీదే నిలిచింది.

"తిప్పండి."

రెండో తిప్పుకే అందుకుంది. కింది గొట్టం మూత తిప్పినాక అందరూ పడవ పక్కకు చూసినారు. మొదట బురద, తర్వాత ఎర్రటి తుప్పు, తర్వాత పిల్లవాడి చెయ్యంత లావున తెల్లటి నీళ్ళు. షరీఫాబీ ఆ ధార కింద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. డ్యాములోవే డ్యాములో పడుతున్నాయి. అయినా గంట గడిచేదాకా ఆమె అక్కడి నుంచి కళ్ళు తిప్పలేదు, చుక్కా చుక్కా పోతున్నట్టే చూసింది.

నాలుగూ నలభై ఐదుకు జయచంద్ర ఫోను తీసినాడు. "పడవ నడిపేది ఎవరు?"

"ఓబులేషు."

"ఇంజను చూసుకునేది? ఇంకో పేరు కావల్ల. సంఘం మనిషిదే."

పామిడి మనిషి పేరు పనికిరాదు. సువార్త ముందుకు జరిగింది. "నా పేరు రాయి సార్."

"నీకు వచ్చా?"

"రాదు. నేర్చుకుంటా."

జయచంద్ర షరీఫాబీ వైపు చూసినాడు. ఆమె తల ఊపింది. ఆయన రాసినాడు, ఫోటో తీసినాడు, నొక్కినాడు. ఫోన్లో చక్రం తిరిగి తిరిగి నాలుగూ యాభై రెండుకు పచ్చగుర్తు పడింది. మూడేళ్ళ హక్కు.

"రేపు చేపలకొస్తా" అన్నాడాయన నవ్వుతూ.

"రా సార్. సంఘం రేటుకే ఇస్తాం" అంది సువార్త.

షరీఫాబీ లేచి ఇంజను దగ్గర చోటు ఖాళీ చేసింది. "ఇట్ల రా. గట్టుదాకా నువ్వే తోలు."

"ఇప్పుడేనా అక్కా?"

"కాగితం మీద పేరు పడింది కదా. ఈ పిడి పట్టుకో. స్పీడు మెల్లగా ఎత్తు. ఇంగా మెల్లగా."

సువార్త ఎత్తింది. కొంచెం ఎక్కువే ఎత్తింది. పడవ ముందుకు దూకింది, ఆఫీసరు పలక మీద కూలబడినాడు, ఓబులేషు చుక్కాని తిప్పుకుంటూ తిట్టినాడు, గట్టు మీది ఆడవాళ్ళు నవ్వుతూ వలలు ఎత్తుకుని పక్కకు పరిగెత్తినారు.