దీపం దింపిన మనిషికి నేను వేసిన అంకె

మూఢనమ్మకాల మీద నేను వేదికలెక్కి చాలా అరిచాను. అరిచిన ప్రతిసారీ ఒక మనిషి మొహం అడ్డొచ్చేది. దాన్ని దాటడానికి ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. ఆ మొహం ఎవరిదో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో చిత్తూరులో, ఉద్యోగాలకు పేర్లు నమోదు చేసే ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. ప్రతి పనికీ పుస్తకంలో ఒక అంకె ఉండేది. ఫిట్టరుకు ఒకటి, జ్యోతిష్కుడికి ఒకటి. పుస్తకంలో లేని పని ఎదురైతే, వెళ్లి చూసి, దగ్గరి అంకె వేయడం నా వంతు.

అలా వచ్చినవాడు పూతలపట్టు మునెప్ప. పనేమిటంటే "బాయిలో దిగేది" అన్నాడు. బావిలో పడిన మోటార్లు పైకి తెచ్చేవాడు. మేము సాంకేతిక పనివాడని రాస్తే, పంచాయతీ సమితిలో బావుల మరమ్మతు ఉద్యోగం అతనికి దొరుకుతుంది. అతనికి కావలసింది అదొక్కటే.

వెళ్లి చూశాను. పాడుబడ్డ బావి. అడుగు కనిపించడం లేదు. మునెప్ప తాడుకు లాంతరు కట్టి, "గంగమ్మా, ఉండావా" అని దింపాడు. వెలుగు రాతి వరుసల మీదుగా జారుతూ జారుతూ, చివరికి ఒక మిణుగురంతై, నల్లని నీటిపైన నిలిచింది. ఆరలేదు. అప్పుడు అతను దిగాడు, మునిగాడు. ఎంతకూ తేలడే. తాడు కదిలింది, గట్టు మీదివాళ్లు లాగారు. మోటారు నీళ్లు కార్చుకుంటూ పైకొచ్చింది, వెనకే నవ్వుతూ అతను. అంత గొప్ప దృశ్యాన్ని నేను మళ్లీ చూడలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"మునెప్పా, దీపం ఆరితే కింద చెడుగాలి ఉన్నట్టు. అంతే కదా? గంగమ్మ అనడం మానెయ్. సాంకేతిక పనివాడని రాస్తాను."

"రాసుకో సారూ. నువ్వు గాలి అను, నేను గంగమ్మ అంటా. దీపం ఆరిపోతే ఇద్దరమూ గట్టుమీదనే గదప్పా ఉండేది."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఎవరో, "సారుకు గంగమ్మంటే బయం లేదంట" అన్నారు.

నాకు భయం లేదు. ఉన్నది పొగరు. ఆఫీసుకొచ్చి, అతని కార్డు మీద మంత్రగాళ్లూ సోదె చెప్పేవాళ్లూ ఉన్న వర్గం అంకె వేశాను. ఆ దీపం సరైన పరీక్షేనని నాకు తెలియదా? తెలుసు. నేను చదివిన సైన్సు పుస్తకంలోనే ఉంది. తెలిసే వేశాను. సత్యం కోసం వేశానని ఆ రోజు నాకు నేనే చెప్పుకున్నాను. గెలవడం కోసం కాదా?

కొన్నేళ్లకు, పూతలపట్టులో తాయెత్తులు కట్టే 'దీపం సామి' ఒకడున్నాడనీ, వాడి గుట్టు బయటపెట్టాలనీ పాకాలలోని హేతువాద మిత్రులు పిలిచారు. సభకు ముందు ఒక్కణ్ణే ఆ ఇంటికి వెళ్లాను. అదే లాంతరు, పీట మీద, కుంకుమ బొట్లతో. వెనక మునెప్ప.

"రా సారూ. నువ్వు రాసిందే గదా. సమితోళ్లు కార్డు సూసి నవ్వినారు, పని ఇయ్యలేదు. ఊరోళ్లు మాత్రం మంత్రగాడని గవర్మెంటే రాసిచ్చిందని నమ్మినారు." నా మొహం చూసి చాప పరిచాడు. "కూర్చో. తాయెత్తు కట్టేదా?"

బాయిలోకి దిగుతున్నావా అని అడిగాను. లేదని తల ఊపాడు. సామి మునిగితే జనానికి నచ్చదట.

క్షమించమని అడగలేదు. నేరుగా సభకు వెళ్లాను. అమాయకుల్ని దోచే మంత్రగాళ్లను ఎవరు తయారుచేస్తున్నారని గర్జించాను. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.