నిలవని బొట్టు

బోయిగూడలో సోమయ్య ఇంటి రేకులు మూడు చోట్ల కారుతాయి. పోయిన వానల్లో నీళ్లు ఫ్రేము సందులోంచి దిగి, గోడమీది భార్య ఎల్లమ్మ ఫోటోలో ఎడమ చెంప చెరిపేశాయి. కాలం చేసిన ఆమెది ఆయనకు మిగిలింది ఆ ఒక్క ఫోటోనే. ఇంకో వాన తగిలితే మనిషి ముఖం కూడా దక్కదు.

సోమయ్య బొల్లారంలో ఓ చిన్న ల్యాబులో ప్లాస్మా మిషన్ నడుపుతాడు. ఇనుప డబ్బాలో ప్లాస్టిక్ షీటు పెట్టి, గాలంతా తోడేసి, కాస్త గ్యాస్ వదిలి కరెంటిస్తే లోపల ఊదా వెలుగు లేస్తుంది. ఆ వెలుగు తగిలిన షీటు మీద నీళ్లు పోస్తే ఒక్క చుక్క నిలవదు.

సిగ్గుపడుతూనే ఇంజనీరు సుకన్యను అడిగాడు.

"చిన్న ముక్క మేడమ్. మా ఇంటిదాని ఫోటోకి."

ఆమె తింటున్న టిఫిన్ మూతపెట్టి లేచింది. "నువ్వు కూసో సోమయ్యన్నా. ఇయ్యాల మిషన్ నేను నడిపిస్త." ఆ తల్లి చల్లగుండాలి.

షీటును ఫ్రేము పైనుంచి కిందికి చుట్టి బిగించాడు. మర్నాడే వాన దంచింది. పడ్డ చుక్క పడ్డట్టే జారిపోయింది. సోమయ్య దేవుడికి దండం పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున మరదలు దేవమ్మ ఎప్పటిలాగే కుంకుమ తడిపి తెచ్చింది. ముత్తైదువగా పోయిన మనిషి ఫోటోకి బొట్టు తప్పకూడదు. పెట్టిన బొట్టు గోలీలా దొర్లి కింద పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది.

"ఏందీ బావా గిది! ఉన్నన్నాళ్లు మా అక్కను తక్లీఫ్ పెడితివి. ఇప్పుడు బొట్టు సుత నిలవనియ్యవా?"

నవ్వుతూ మొదలుపెట్టిన మాటే. చివరికొచ్చేసరికి అందులో నవ్వు లేదు.

సోమయ్య సుకన్యకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ చోట షీటును వేలితో రుద్దు, నీళ్లు జారే గుణం పోతది. బొట్టు నిలుస్తది. కానీ అక్కడ నీళ్లు సుత నిలుస్తయి. వానొచ్చినప్పుడల్లా తుడుస్తుండాలె."

"తుడుస్త మేడమ్."

షీటు కింద కనిపిస్తున్న నుదుటి మీద బొటనవేలు ఆనించాడు. గట్టిగా రుద్దడానికి చెయ్యి రాలేదు, మెల్లగా రుద్దాడు. ఎల్లమ్మకు తలనొప్పి ఎక్కువ. ఓసారి "జెర తల ఒత్తవా" అంటే, డ్యూటీకి లేటయితదని చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ అడగలేదు.

"సాలు బావా, నిలుస్తది," అంది దేవమ్మ మెల్లగా, కుంకుమ పట్టుకొని.

ఆయన ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.