దరువు తప్పిన పాట కోసం కొత్వాల్‌గూడకు

శ్రీశైలం రెండు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే మాత్రం వెంటనే జవాబిచ్చేవాడు. 2012లో, వినాయక చవితికి ఇంకా నెల ఉందనగా, ఒక పాట మెయిల్ చేసి "జర విని చెప్పు అక్కా" అని రాశాడు. కొత్వాల్‌గూడలో ఉంటూ ఊరేగింపులకు డీజే బాక్సులు పెట్టే మనిషి అతను. మా ఆఫీసు వార్షికోత్సవంలో పరిచయమై, కంప్యూటర్లో పాటలు కట్టడం నాకు నేర్పాడు. శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఊపే ట్రెమలో ఎఫెక్టును పాట వేగానికి జతచేయడం, అంటే టెంపో సింక్, ఓపిగ్గా చూపించింది అతనే. అలాంటివాడు పంపిన పాటలో డప్పుదొక దారి, ట్రెమలోదొక దారి. మూడుసార్లు విన్నాను. ఆదివారం బయల్దేరాను.

మెహదీపట్నంలో తొమ్మిదిన్నరకు బస్సెక్కితే ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ చేరేసరికి పదిన్నర దాటింది. టికెట్ పద్దెనిమిది రూపాయలు. అక్కడినుంచి కొత్వాల్‌గూడకు ఆటో మాట్లాడుకోవాలి. "వచ్చేటప్పుడు ఖాళీగ రావాలె అక్కా, నూట ఇరవై ఇయ్యి" అన్న డ్రైవర్ వందకు ఒప్పుకున్నాడు. శ్రీశైలం ఇల్లు తెలుసా అని అడిగాను. "డీజే శ్రీశైలమా? ఈ నడుమ పిలిస్తె పలుకుతలేడు. పొగరెక్కింది" అన్నాడు. నెత్తిమీదుగా విమానం దిగుతున్నంతసేపూ ఆ మాటే నన్ను తొలిచింది.

గుమ్మంలోనే శ్రీశైలం భార్య లావణ్య నా చేయి పట్టుకుని ఆపింది.

"ముఖం జూసుకుంట మాట్లాడు అక్కా. ఆయనకు చెవులు పోయినయ్. కుడిది మొత్తం పోయింది, ఎడమది కొంచెం ఉంది. దవాఖాన్ల ఇగ రాదన్నరు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు."

ఆరేళ్ళు ఆ బాక్సుల పక్కనే నిలబడ్డాడు మరి.

రేకుల గదిలో కంప్యూటర్ ముందున్న శ్రీశైలం నన్ను చూసి నవ్వాడు. "ఎట్లుంది అక్కా పాట?" అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ పాట బాలాపూర్ దగ్గరి ఒక ఊళ్ళో నిమజ్జనం ఊరేగింపుకు. వందలమంది వింటారు.

"వేగం తప్పింది" అన్నాను, పెదవులు నెమ్మదిగా కదుపుతూ. "డప్పు నిమిషానికి నూట ఇరవై ఆరు దెబ్బల్లో ఉంది. నువ్వు కంప్యూటర్లో, పాట ప్రాజెక్టులో నూట ఇరవై అనే ఉంచేశావు. సింక్ ఆ అంకెనే పట్టుకుంటుంది కదా, డప్పును కాదు."

అతను నాకు నేర్పిన మొదటి పాఠం అది. కుర్చీ పక్కకు జరిపి మౌస్ నా చేతికిచ్చాడు.

అంకె సరిచేసి, దెబ్బకొక ఊపు వచ్చేలా ట్రెమలో పెట్టాను. అతను పెద్ద బాక్సు మీద అరచేయి ఆనించాడు. "ఆ, గిట్ల గొట్టాలె!" అంటుంటే కళ్ళు మెరిశాయి. తర్వాత ఊపు వేగాన్ని నాలుగింతలు చేశాను. అరచేయి కదల్లేదు.

"మార్చినవా?"

తలూపాను.

"మల్ల బెట్టు."

నాలుగుసార్లు పెట్టాను; ఆ తేడా అతని అరచేతికి అందలేదు. నాలుగోసారి చేయి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గణేశ్ కమిటీకి ఫోన్ చెయ్యి" అన్నాడు లావణ్యతో. "నాకు చెవులు పోయినయని చెప్పు. పాట అక్క జేస్తదని చెప్పు."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. "ఏమన్నరు?"

"పాపం అన్నరు."

"గదే వద్దనుకున్న" అన్నాడు.

మూడింటికి తిరుగు ఆటో దొరకలేదు. శంషాబాద్ వెళ్తున్న పాలవ్యానులో ఎక్కించుకున్నారు. ఆ ఇంట్లో నిజం చెప్పి మంచి చేశానో, అతనికి మిగిలిన ఒక్క పనీ లాక్కున్నానో దారంతా తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. మీరు ఇటువైపు డప్పు రికార్డు చేసుకోవడానికి వస్తే ఒక్కటి మాత్రం చేయండి. సింక్ జోలికి వెళ్ళకముందే గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెను ప్రాజెక్టులో రాయండి.

పాట నేనే పూర్తిచేశాను. శ్రీశైలం బాక్సులు అమ్మేశాడు. ఊరేగింపుకు మాత్రం వెళ్ళాడని లావణ్య ఫోన్‌లో చెప్పింది. "దూరంగ, గోడకాడ నిలబడ్డడు అక్కా. పాట ఆగినంక గూడ తొడమీద దరువేస్తనే ఉన్నడు. నేనే చెయ్యి పట్టుకున్న."