హరప్పకు ఏటిపక్క భూమి

చరిత్ర చదివితే బుద్ధి వస్తుందని ఇప్పుడు క్లాసులో పిల్లలకు చెబుతుంటాను గానీ, ఆ రోజుల్లో దానివల్ల నాకు వచ్చింది నోరే. (అంతకుముందు లేదని కాదు, ఉన్నదానికి ఆధారాలు తోడయ్యాయి.) తిరుమణి దగ్గర మా పల్లె. పావగడలో హాస్టలు, బి.ఏ. చదువు కన్నడంలో, ఇంటికొస్తే పోట్లాట తెలుగులో. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. ఊరు ఊరంతా చెనిక్కాయను, అదే వేరుశనగను, నమ్ముకుని మబ్బు కేసి చూస్తూ కూర్చునేది. వాకిలి పక్కన నాలుగు బండలు నిలబెట్టిన మూలే మా స్నానాలగది, చెంబెడు నీళ్ళే మా స్నానం. అలాంటి పిల్లకు ఇంటింటికీ స్నానాలగది, దానికో మురుగుకాలువ ఉన్న హరప్ప పాఠం చెబితే ప్రేమ పుట్టక ఏమవుతుంది?

రెండో సంవత్సరం పరీక్షల ముందు సెలవులకు వచ్చాను. పంచలో విత్తనం కాయలు వలుస్తూ, మా వీధిలోనే ఉండే క్లాసుమేటుతో ప్రశ్నల సంగతి మాట్లాడుతున్నాను. "నాకు హరప్ప వస్తే చాలే. మౌర్యులొద్దు, గుప్తులొద్దు, ఇంకెవురూ నాకొద్దు," అన్నాను. "నీ మొగానికి మౌర్యులే వస్తారు, చూస్తాండు," అందది. తలుపు వెనక మా అవ్వ ఉందని మా ఇద్దరికీ తెలియదు. మా సీమలో మగవాళ్ళంటే తిమ్మప్ప, నరసప్ప, హనుమంతప్ప. కాబట్టి అవ్వ చెవిలో హరప్ప కూడా పంచె కట్టుకుని మీసం దువ్వుకుంటూనే దిగాడు.

ఆ సాయంత్రమే నాయన, చదివింది చాలు, పరీక్షకు పోవాల్సిన పనిలేదు అనేశాడు. ఎందుకో చెప్పడు. కూతురి దగ్గర ఎత్తగలిగే మాటా అది? నేను వాదించాను, ఏడ్చాను, తిండి మానేశాను. (మూడు పూటలా సంగటే కాబట్టి మానడం మరీ కష్టం కాలేదు.) ఎల్లుండి పొద్దున బస్సెక్కకపోతే పరీక్షా పోతుంది, డిగ్రీ పోతుంది, ఆ తర్వాత నా బతుకంతా ఆ పంచలో కాయలు వలవడమే.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ, నాయన నాకు ఎదురుగా కూర్చుని వలుస్తున్నారు. అవ్వ మోచేత్తో పొడిస్తే నాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ హరప్ప వాళ్ళు ఏం చేస్తారు?"

నన్ను పరీక్షిస్తున్నాడనుకున్నాను. బాగా చెబితే పంపిస్తాడేమోనని ఆశ కూడా పుట్టింది. గోధుమలూ పత్తీ పండిస్తారనీ, పూసలు చేసి పడవల మీద పరదేశాలకు పంపి వ్యాపారం చేస్తారనీ, వాళ్ళ తూకంలో తేడా రాదనీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. (మా మేష్టారు ఎప్పటి చరిత్రనైనా ఇవాళ జరుగుతున్నట్టే చెప్పేవారు, నాకూ అదే అబ్బింది.) తూకం మాట వినగానే, మండీలో కాయలమ్మి వచ్చిన ప్రతిసారీ తిట్టుకునే నాయన కాస్త తల పంకించాడు.

"భూమి యాడుండాది?" అవ్వ అడిగింది.

"ఏటి పక్కనే అవ్వా. కాల్చిన ఇటికెల ఇండ్లు. ఇంట్లోనే బావి, ఇంట్లోనే స్నానాలగది."

అవ్వ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. బిందెలు మోసి మోసి నడుం వంగిన మనిషి. "రే, ఇంట్లోనే బావి అంట," అంది నాయనతో మెల్లగా. పొద్దుటిదాకా హరప్ప పేరెత్తితే పళ్ళు కొరికిన అవ్వ ఆ క్షణాన వాడి పక్షం చేరిపోయింది.

"ఊరేది?" నాయన ఇంకా లొంగలేదు.

"ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉండాది నాయనా."

నాయన చాట పక్కన పెట్టేశాడు. అవ్వ మాత్రం ఏటిపక్క భూమిని అంత తేలిగ్గా వదులుకునేలా లేదు. "ఆడికి పావగడ నుంచి బస్సుండాదా?" అంది.

"వయసెంత?" అన్నాడు నాయన.

"నాలుగున్నర వేల ఏండ్లు."

నాయన పొట్టు ఎగిరేలా నవ్వి, అవ్వ వైపు తిరిగి, "అమా, పిల్లోడు నీకన్నా పెద్దోడే," అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. అది మనిషి కాదు, ఊరు, అదీ చచ్చిపోయిన ఊరు అని ఎంతసేపు అరిచానో గుర్తులేదు.

చేతికందిన సంబంధం జారిపోయిన దిగులుతో అవ్వ, ఎట్ల చచ్చిపోయిందని అడిగింది. ఏరు దారి మళ్ళిందంటారు, వానలు పోయాయంటారు, వ్యాపారం పడిపోయి ఒక్కొక్కరే ఊరు వదిలారంటారు అని వివరించాను.

"వానల్లేవని ఊరిడిసిపెట్టి పోయినారా? అంత తెలివైనోళ్ళు, ఇంత చెనిక్కాయ ఏసుకోని ఉండొచ్చు గదా."

చెనిక్కాయ అసలు మన దేశపు పంటే కాదు, నిన్నగాక మొన్న సముద్రాలు దాటి వచ్చిందని చెప్పబోయాను. నాయన అడ్డొచ్చి, ఆ నోరు మూసి మూట కట్టుకో, పొద్దున్నే బస్సుకు పోవల్ల అన్నాడు. నా జన్మలో ఒక వాదన సగంలో ఆపింది అప్పుడే.

పరీక్షలో హరప్ప రాలేదు. మౌర్యులే వచ్చారు.

ఇప్పుడు తుమకూరులో ఉంటున్నాను. మా చేలో సోలారు పలకలు పరుచుకున్నాయి, చెనిక్కాయ కూడా ఊరు వదిలింది. మా ఇంట్లో స్నానాలగదులు రెండు. కొళాయిలో నీళ్ళకు బదులు గాలి బుసకొట్టిన ఉదయాల్లో, మొహాన సబ్బుతో కళ్ళు మూసుకుని నిలబడి, హరప్ప వాళ్ళు చెనిక్కాయ వేసుకోవచ్చులే అవ్వా, వేసుకుని ఉండొచ్చు అని ఒప్పేసుకుంటాను. ఆమెతో వాదించి ఓడిపోవడం నాకు అలవాటు లేదు. అందుకే తలుపు గడియ పెట్టుకున్నాకే ఒప్పుకుంటాను.