ఉన్న మనిషికి ఏడుపు పాట

బేరిగై ఊళ్లో ఎవరు చనిపోయినా పాపక్కకు కబురు వెళ్తుంది. శవం పక్కన కూర్చుని, పోయిన మనిషి బతుకును వరస కట్టి పాడటం ఆమెకు అత్త నేర్పిన విద్య. చరణం ముగియగానే చుట్టూ ఉన్న ఆడవాళ్లు 'ఓ యమ్మా' అని అందుకోవాలి. అందుకోని పాట పోయినవారికి చేరదంటారు. శవం లేని ఇంట్లో మాత్రం ఆ పాట ఎత్తకూడదు, చావును పిలిచినట్టవుతుంది.

పాపక్క ఒంట్లో ఏళ్ల తరబడి నొప్పి ఉంది. వాపు లేదు, గాయం లేదు. అది పరీక్షలకు దొరకని జబ్బనీ, పూర్తిగా తగ్గేది కాదనీ కృష్ణగిరి డాక్టరు చెప్పాడు. భర్త ఆంజప్ప మొదటి మాటే పట్టుకున్నాడు.

"పరీక్షకే దొరకలేదంట! మేకలు తోలే పొద్దుకు నీకు మాత్రం బాగా దొరుకుతాదే!"

ఆమె కర్ర తీసుకుని మేకల వెంట వెళ్లింది. అదే ఊరి శ్రీనివాసప్ప చనిపోయిన రోజు శవం దగ్గర పాడింది: "ఎముకల్లో నిప్పు రాజుకుంటే ఎవురికి చూపిస్తివి నాయనా, దువ్వెన ఎత్తలేని చేతిని యాడ దాచిపెడితివి..." అందరూ ఏడుస్తూ అందుకున్నారు.

కర్మాంతరం తరువాత ఒక మధ్యాహ్నం శ్రీనివాసప్ప కూతురు రేణు పాపక్క ఇంటికి వచ్చింది. హోసూరులో కంపెనీ పని. కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి.

"అత్తా, మా నాయనకు అంత నొప్పి ఉండిందా? మాకు చెప్పనే లేదే. కండ్లు మూస్తే ఆ చెయ్యే కనిపిస్తాది."

"అది మీ నాయన చెయ్యి కాదమ్మా. నాది."

రేణు ఆమెను ఎగాదిగా చూసింది. "నీకేమత్తా, గుండ్రాయి మాదిరి ఉండావు!"

"చూడు, నువ్వూ నమ్మలేదు. చచ్చినోళ్ల నొప్పినైతే ఊరంతా నమ్మినారు."

పాపక్క చాప పరిచింది. తలాపున దీపం వెలిగించి, వెల్లకిలా పడుకుంది.

"అయ్యో, ఏం పని అత్తా ఇది!"

పాపక్క కళ్లు మూసుకుని, తన పేరే పెట్టి పాట ఎత్తింది. శవమూ తానే, పాడేదీ తానే. చరణం ముగిసింది. ఎవరూ అందుకోలేదు. ఆమె మళ్లీ ఎత్తింది. ఈసారి చరణం చివర రేణు గొంతు పెగిలింది: "ఓ యమ్మా..."

వీధిలో మనుషులు ఆగిపోయారు. మేకలను వదిలేసి ఆంజప్ప పరుగెత్తుకొచ్చాడు.

"ఎవురు పోయినారమ్మా?"

రేణు దీపం మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఎవురూ పోలేదు మామా. ఈడే ఉంది. కూర్చొని అందుకో."

అతను గడప దగ్గరే నిలబడిపోయాడు. లోపల ఇంకో చరణం ముగింపుకు వస్తోంది.